మొదటి ఏడు పూసి మానేసిన కాక్టస్

ప్రశ్న: మూడేళ్ల కిందట నాకొక చిన్న కాక్టస్ మొక్క కానుకగా వచ్చింది. పిడికిలికన్నా చిన్నది, గుండ్రంగా, ఒళ్లంతా తెల్లని ముళ్లతో ఉంటుంది. వచ్చిన రోజున దాని నెత్తి చుట్టూ గులాబీరంగు చిన్న పూలు వలయంలా పూసి ఉన్నాయి. అవి వాడిపోయాక ఇంతవరకూ ఒక్క మొగ్గ కూడా వేయలేదు. హాల్లో బల్ల మీద పెట్టాను. నీళ్లు ఎక్కువైతే చచ్చిపోతుందని అందరూ అంటే వారానికి రెండు చెంచాలు మాత్రమే పోస్తున్నాను. ఇప్పుడు పైభాగం సన్నబడి పొడుగ్గా సాగుతోంది, అడుగున గోధుమరంగు వచ్చింది, ముళ్ల సందుల్లో దూదిలాంటిది కనిపిస్తోంది. ఎరువు వేయాలా, కుండీ మార్చాలా? ఇంకో సంగతి. నిరుడు కొన్న మరో కాక్టస్ నెత్తిన ఉన్న పసుపుపచ్చని పువ్వు ఎనిమిది నెలలుగా వాడనే లేదు. వాన పట్టిన రోజున ముడుచుకుంటుంది, పొడిగా ఉన్న రోజున విచ్చుకుంటుంది. రెండింటినీ ఒకేలా చూస్తున్నాను. మరి మొదటిది ఎందుకు పూయడం లేదు?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీరు చెప్పిన గుర్తులను బట్టి, ముఖ్యంగా పూలు సరిగ్గా నడినెత్తిన కాకుండా దాని చుట్టూ వలయంగా వచ్చాయన్న మాటను బట్టి, మీ మొదటి మొక్క మామిల్లేరియా అని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. నూట యాభైకి పైగా జాతులున్న ఈ వర్గంలో అత్యధిక భాగం మెక్సికోకు చెందినవే. చిన్న కుండీలో పెంచుకునే పూల కాక్టస్‌లలో ఇంత సులువుగా పూసేవి కొద్ది మాత్రమే కనుక, మీ మొక్కకు పూసే శక్తి పోయిందని బెంగపడవలసిన పని లేదు. అయితే కానుకగా వచ్చిన రోజున దాని మీదున్న పూలు మీ ఇంట్లో తయారైనవి కావు. అంతకు ముందు అది పెరిగిన చోట గడిపిన వేసవి ఎండ, ఆ తర్వాత గడిపిన చలికాలపు విశ్రాంతి కలిసి వాటిని తయారు చేశాయి. మీ హాల్లోకి వచ్చాక మొక్కకు ఆ రెండూ దొరకలేదు. ఎరువు, కుండీ అనేవి వాటి తర్వాత ఆలోచించవలసిన విషయాలు.

ఈ సంగతి బోధపడాలంటే మొక్కను ఒకసారి దగ్గరగా పట్టుకుని చూడండి. చాలా కాక్టస్‌లకు ఉండే నిలువు గట్లు దీనికి ఉండవు. ఒంటి నిండా చిన్న చిన్న బుడిపెలు మెలికలు తిరిగే వరుసల్లో అమరి ఉంటాయి, ఒక్కో బుడిపె కొన నుంచి ఒక్కో ముళ్ల గుత్తి వస్తుంది. పువ్వు మాత్రం ముళ్ల దగ్గర పుట్టదు. బుడిపెకూ బుడిపెకూ నడుమ ఉన్న లోతైన సందులో పుడుతుంది. కొత్త బుడిపెలు నడినెత్తిన పుట్టి, వాటి వెనక ఇంకా కొత్తవి వస్తున్నకొద్దీ పక్కలకు జరిగి, ఏళ్లు గడిచేసరికి అడుగుకు చేరుకుంటాయి. సాధారణంగా నిరుడు పుట్టిన బుడిపెల సందుల్లోనే ఈ ఏటి మొగ్గలు వస్తాయి గనుకనే పూలు నెత్తికి కొంచెం కిందుగా వలయంలా కనిపిస్తాయి. అంటే నిరుటి వేసవిలో మొక్క గట్టిగా, బొద్దుగా పెరగకపోతే ఈ ఏడు పూయడానికి దానికి చోటే ఉండదు. మీరు ఇవాళ చేసే మార్పుకు ఫలితం వచ్చే పూల కాలంలో కనిపిస్తుందే తప్ప వచ్చే నెలలో కనిపించదని కూడా దీన్నిబట్టి గ్రహించాలి. రెబూషియా అనే మరో చిన్న కాక్టస్ అడుగు నుంచి పూస్తుంది, జిమ్నోకాలిషియం నెత్తి దగ్గరి ముళ్ల గుత్తుల నుంచి పూస్తుంది. పువ్వు వచ్చే చోటు వేరైనా, వెలుతురు, విశ్రాంతి అన్నవి వాటికీ తప్పనిసరే.

ముందుగా వెలుతురు సంగతి. పైభాగం సన్నబడి, లేతరంగుకు తిరిగి, పొడుగ్గా సాగడమన్నది ఎండ చాలడం లేదని కాక్టస్ చెప్పే మాట, అందులో సందేహించడానికి ఏమీ లేదు. హాల్లో బల్ల దగ్గర మనం హాయిగా పుస్తకం చదువుకోగలిగినంత వెలుతురు ఉన్నా, కిటికీ నుంచి గదిలోపలికి వెళ్తున్నకొద్దీ అది ఎంత వేగంగా తగ్గిపోతుందో మన కంటికి తెలియదు, ఎందుకంటే కన్ను తక్కువ వెలుతురుకు తనంత తాను సర్దుకుంటుంది. మొక్కకు ఆ వెసులుబాటు లేదు. మామిల్లేరియాకు రోజుకు కనీసం నాలుగైదు గంటలు నేరుగా ఎండ తగలాలి. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఎండ పడే కిటికీ గట్టు గానీ, వాన నేరుగా పడని బాల్కనీ అంచు గానీ మంచి చోటు. అటువంటిది ఇంట్లో లేకపోతే మొక్కల కోసం చేసిన ఎల్‌ఈడీ దీపం కింద రోజుకు పన్నెండు నుంచి పద్నాలుగు గంటలు ఉంచవచ్చు, కాకపోతే దీపం మొక్కకు జానెడు దూరంలో ఉండాలి గానీ గది కప్పు నుంచి వేలాడితే ప్రయోజనం లేదు. ఎండకన్నా కృత్రిమ దీపం మేలని కొందరు వాదిస్తారు. నేను మాత్రం ఎండ దొరికే చోట దీపం కొనమని సలహా ఇవ్వను.

అయితే ఈ ఉత్తరం చదవగానే మొక్కను తీసుకెళ్లి మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టకండి. మూడేళ్లు నీడలో ఉన్న ఒళ్లు అది. ఒక్క మధ్యాహ్నంలోనే ఎండ తగిలిన వైపు తెల్లబారి, తర్వాత పసుపు కలిసిన గోధుమరంగు పెచ్చుగా మారుతుంది, ఆ మచ్చ మొక్క బతికున్నంత కాలం పోదు. మొదటి వారం కిటికీ దగ్గర పలుచని తెర వెనక గానీ, పొద్దుటి నీరెండ ఒక్కటే పడే చోట గానీ ఉంచండి. ఆ తర్వాత రెండు మూడు రోజులకొకసారి ఎండ సమయాన్ని అరగంట, గంట చొప్పున పెంచుకుంటూ పోతే మూడు వారాలకల్లా అలవాటు పడుతుంది. ఎండకు అలవాటైన మామిల్లేరియా పొట్టిగా, గట్టిగా, ముళ్లు దగ్గర దగ్గరగా కమ్ముకుని ఉంటుంది; ముళ్లు ఒత్తుగా వస్తున్నాయంటే వెలుతురు సరిపోతున్నట్టే. మండు వేసవిలో ఎండ మరీ తీవ్రంగా ఉండే ప్రాంతాల్లో ఎండకు అలవాటైన మొక్కకు సైతం మధ్యాహ్నం రెండు మూడు గంటలు పలుచని నీడ కల్పించడం మంచిది.

రెండో లోటు విశ్రాంతి. ఇంట్లో కాక్టస్ పెంచేవారిలో ఎక్కువమంది దీన్ని పట్టించుకోకపోవడానికి కారణం నిర్లక్ష్యం కాదు, అతి శ్రద్ధ. ఏడాది పొడుగునా ఒకే చోట, ఒకే వెచ్చదనంలో, వారం తప్పకుండా నీళ్లు అందుకునే మొక్కకు కాలం మారినట్టే తెలియదు. సొంత నేలలో ఈ మొక్కలకు వానలు వేసవిలో వస్తాయి, చలికాలం పొడిగా, చల్లగా గడుస్తుంది. ఆ పొడి, ఆ చలి కలిసినప్పుడే పెరుగుదల ఆగి మొగ్గలు రూపుదిద్దుకుంటాయి. కనుక పగటి పొద్దు తగ్గి రాత్రులు చల్లబడడం మొదలైనప్పటి నుంచి నీళ్లు క్రమంగా తగ్గించి, చలి ముదిరాక రెండు మూడు నెలలు పూర్తిగా ఆపేయండి. ఆ రోజుల్లో మొక్క 8 నుంచి 12 డిగ్రీల సెల్సియస్ ఉన్న చోట ఉంటే అన్నిటికన్నా మంచిది. కుండీలో మన్ను పూర్తిగా పొడిగా ఉంటే 5 డిగ్రీల దాకా కూడా చాలా జాతులు ఓర్చుకుంటాయి, తడి మన్నులో ఆ చలికే కుళ్లిపోతాయి. చలి ఉన్నా వెలుతురు మాత్రం తగ్గకూడదు. విశ్రాంతి అన్నామని చీకటి మూలలో, అలమరలో పెట్టడం సరికాదు. హీటర్ దగ్గర, వంటగది వెచ్చదనంలో ఉన్న కిటికీ ఈ కాలంలో పనికిరాదు, ఎవరూ పడుకోని చల్లని గది కిటికీ అయితే సరిగ్గా సరిపోతుంది.

చలి అంతగా పడని ప్రాంతాల వారు ఇది చదివి నిరుత్సాహపడనక్కరలేదు. రాత్రి వేళ 15 డిగ్రీల కిందికి దిగకపోయినా, ఏడాదిలో చల్లగా ఉండే రెండు నెలలు నీళ్లు ఆపేసి, ఎండ బాగా తగిలే చోట ఉంచితే మామిల్లేరియాలో చాలా జాతులు పూస్తాయి. పొడి ఒక్కటే చలి లోటును చాలావరకు పూడుస్తుంది. రెబూషియా వంటి కొండజాతి మొక్కలతోనే చిక్కు, అవి బొలీవియా, అర్జెంటీనా దేశాల ఆండీస్ వాలుల నుంచి వచ్చినవి కనుక చల్లని రాత్రులు లేకపోతే మొగ్గ వేయడానికి మొరాయిస్తాయి.

నీళ్లు ఆపిన ఆ నెలల్లో మొక్క కొంచెం కుదించుకుపోతుంది, ఒంటి మీద సన్నని ముడతలు కనిపించవచ్చు, బుడిపెలు దగ్గరకు జరిగి ముళ్లు మరింత ఒత్తుగా కనిపిస్తాయి. చూసి జాలిపడి నీళ్లు పోసేవారే ఎక్కువ. దయచేసి పోయకండి. విశ్రాంతి ముగిసిందనడానికి మొక్కే గుర్తు ఇస్తుంది: నెత్తికి కొంచెం కిందుగా, బుడిపెల సందుల్లో గుండుసూది తలంత ఎర్రని లేదా గులాబీరంగు చుక్కలు మొలుస్తాయి. అవి కంటికి స్పష్టంగా కనిపించాక మొదటిసారి కొద్దిగా తడిపి, పది పన్నెండు రోజులు ఆగి రెండోసారి కడుపు నిండా నీళ్లివ్వండి. మొగ్గలు కనిపించకపోయినా, పగళ్లు వెచ్చబడి నడినెత్తిన కొత్త ముళ్లు మెరుస్తూ వస్తుంటే నీళ్లు మొదలుపెట్టవలసిందే.

ఇప్పుడు మీ రెండు చెంచాల నీళ్ల విషయం. నీళ్లు ఎక్కువైతే కాక్టస్ చస్తుందన్న మాటను జనం నీటి పరిమాణానికి అన్వయిస్తారు. నిజానికి ప్రమాదం ఒకసారి పోసే నీటిలో లేదు, మళ్లీ మళ్లీ పోయడంలో, ఆ నీరు నిలిచిపోవడంలో ఉంది. రెండు చెంచాల నీళ్లు పైన అంగుళం మందం మన్నును తడిపి ఆరిపోతాయి. కింది వేళ్లకు చుక్క కూడా అందదు, అవి సన్నబడి ఎండిపోతాయి, పైగా నీటిలోని లవణాలు పై పొరలోనే పేరుకుని తెల్లని పెంకులా కనిపిస్తాయి. పెరిగే కాలంలో నీళ్లు పోసేటప్పుడు కుండీ అడుగు చిల్లు నుంచి కారేదాకా పోసి, కింద పళ్లెంలోకి దిగిన నీటిని పారబోసి, మన్ను అడుగుదాకా పూర్తిగా ఆరాకే మళ్లీ పోయాలి. అది వారానికి ఆరుతుందా, పదిహేను రోజులకా అన్నది కుండీని బట్టి, గాలిని బట్టి ఉంటుంది గనుక క్యాలెండరు చూసి పోయడం మానేయండి. సన్నని వెదురు పుల్ల ఒకటి మన్నులో అడుగుదాకా గుచ్చి కాసేపు ఉంచి తీస్తే తడి ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. నాలుగైదు సార్లు అలా చూశాక కుండీని చేత్తో ఎత్తితే బరువును బట్టే చెప్పగలుగుతారు. నీళ్లు మొక్క నెత్తిన కాక మన్ను మీద పోయండి. వాననీరు దొరికితే మేలు, ఉప్పదనం ఎక్కువున్న బోరు నీరు ముళ్ల మీద సున్నపు మరకలు పెడుతుంది. ఆకుల మొక్కలకు చేసినట్టు పైన తుంపరలు చల్లడం వల్ల దీనికి ఒరిగేదేమీ లేదు.

మండు వేసవి గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. కాక్టస్ పగలు తన ఒంటి మీది సూక్ష్మ రంధ్రాలను మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటుంది. అప్పుడు గ్రహించిన బొగ్గుపులుసు వాయువును ఆమ్లం రూపంలో దాచుకుని మర్నాడు పగటి వెలుతురులో వాడుకుంటుంది. నీరు వృథా కాకుండా బతకడానికి అది ఏర్పరచుకున్న పద్ధతి ఇది. రాత్రులు కూడా వేడిగా, ఉక్కగా ఉండే వారాల్లో ఈ పని సరిగా సాగదు, మొక్క చలికాలంలోలాగే నిద్రాణంగా ఉండిపోతుంది. అది చూసి దాహంగా ఉందేమోనని నీళ్లు పెంచితే వేళ్లు కుళ్లుతాయి. ఆ రోజుల్లో నీళ్లు కొంచెం తగ్గించి గాలి బాగా ఆడేలా చూడడమే సరైన పని.

కుండీ మార్చాలా అని అడిగారు. మీ మొక్కకు మూడేళ్లు దాటాయి గనుక మార్చాలి, కాకపోతే పెద్ద కుండీలోకి కాదు. మొక్క వెడల్పుకన్నా చుట్టూ ఒక వేలు మందం ఎక్కువ ఉన్న కుండీ చాలు. పెద్ద కుండీలో వేళ్లు అందుకోలేని మన్ను రోజుల తరబడి తడిగా ఉండి కీడు చేస్తుంది. మెరుగు పూయని మట్టికుండీ అన్ని వైపుల నుంచీ ఆరుతుంది కనుక నీళ్లు ఎక్కువ పోసే చేతివాటం ఉన్నవారికి అది మంచిది, పోయడం మరిచిపోయేవారికి ప్లాస్టిక్ కుండీ నయం. మన్నులో కనీసం సగం నీరు పట్టి ఉంచని గరుకు పదార్థం ఉండాలి: పెర్లైట్ (తేలికైన తెల్లని గుళికలు), ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వతపు రాయి), గోధుమ గింజంత పరిమాణంలో జల్లించిన ఇటుక ముక్కలు, గరుకు ఇసుక, వీటిలో ఏది దొరికినా సరే. మెత్తని ఇసుక వద్దు, అది సిమెంటులా బిగుసుకుపోతుంది. సముద్రపు ఇసుక అసలే వద్దు. మిగతా సగం బాగా మాగిన కంపోస్టు, తోటమన్ను కలిసినది వాడవచ్చు. కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, ఒక్కదానిలోనే నాటి అమ్మిన మొక్కలు చాలా వస్తుంటాయి. ఒకసారి పూర్తిగా ఎండితే అది నీటిని పీల్చుకోక పక్కల నుంచి జారవిడుస్తుంది, ఒకసారి పీల్చుకుంటే వదలదు, అందుకే వేళ్ల చుట్టూ ఉన్న ఆ ముద్దను పుల్లతో నెమ్మదిగా విడదీసి తీసేయండి. కుండీ అడుగున పెంకులు, గులకరాళ్లు పరచడం వల్ల నీరు బాగా పోతుందన్న నమ్మకం బలంగా పాతుకుపోయింది గానీ, సన్నని మన్ను నుంచి ముతక రాళ్ల పొరలోకి నీరు సులువుగా దిగదు, తడి పొర కాస్త పైకి జరిగి వేళ్లకే దగ్గరవుతుంది. చిల్లు మీద చిన్న వల ముక్క వేస్తే చాలు.

మొక్కను పీకేటప్పుడు వార్తాపత్రిక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పట్టీలా నడుముకు చుట్టి పట్టుకోండి, ముళ్లూ విరగవు, చేతికీ గుచ్చుకోవు. నాటే మన్ను పొడిగా ఉండాలి, నాటాక వారం పది రోజులు నీళ్లు పోయకూడదు, చిట్లిన వేళ్లు ఆ వ్యవధిలో మానుతాయి. ఈ పని పెరిగే కాలం మొదట్లో చేయడం ఉత్తమం.

అడుగున వచ్చిన గోధుమరంగు గురించి భయపడే ముందు పెన్సిలు వెనక ఉండే రబ్బరుతో అక్కడ మెల్లగా నొక్కి చూడండి. గట్టిగా, పొడిగా, బెరడులా ఉంటే అది వయసు తెచ్చిన మార్పు. పాత బుడిపెలు అడుగుకు చేరి చెక్కబారడం ఈ మొక్కల్లో మామూలే, దానికి మందు అక్కరలేదు. నొక్కితే దిగబడుతూ, నీరూరుతూ, రంగు రోజురోజుకూ పైకి పాకుతుంటే అది కుళ్లు. అప్పుడు ఆలస్యం చేయకుండా మొక్కను పైకి తీసి, స్పిరిటుతో తుడిచిన పదునైన చాకుతో కుళ్లు పైదాకా కోయండి. కోసిన ముఖం మీద నడుమ కనిపించే వలయంలో ఒక్క గోధుమరంగు చుక్క కూడా మిగలకుండా పైకి పైకి కోస్తూ పోవాలి, ప్రతి కోతకూ చాకు తుడవాలి. మూడో రకం గోధుమరంగు కూడా ఉంది. అది అడుగున కాక నెత్తి దగ్గర, సన్నగా గీకినట్టు మొదలవుతుంది. ఎర్రనల్లి పని అది, భూతద్దంతో చూస్తే కదిలే చుక్కలు, సన్నని గూడు కనిపిస్తాయి. మీరు అడుగునే అన్నారు కనుక మొదటిదే కావచ్చు, నొక్కి చూస్తే తేలిపోతుంది.

దూదిలాంటిది కనిపిస్తోందన్నారు, ఇక్కడే చాలామంది పొరబడతారు. మామిల్లేరియా జాతుల్లో చాలావాటికి బుడిపెల సందుల్లో తెల్లని నూగు సహజంగానే ఉంటుంది, పూతకు ముందు ఇంకా ఎక్కువవుతుంది. ఆ నూగు ప్రతి సందులోనూ ఇంచుమించు ఒకే తీరులో ఉంటుంది. పిండినల్లి అనే రసం పీల్చే తెల్లని పురుగు అయితే అక్కడొక ముద్ద, ఇక్కడొక ముద్దగా, ఎక్కువగా అడుగు వైపో నెత్తిన లేత భాగంలోనో చేరి, ముట్టుకుంటే జిగురుగా తగులుతుంది, చుట్టుపక్కల చీమలు తిరుగుతుంటాయి. ఇంకా అనుమానంగా ఉంటే పుల్లకొసతో ఒక ముద్దను తీసి తెల్లకాగితం మీద నలిపి చూడండి. పురుగైతే ఎర్రగానో నారింజరంగులోనో మరక పడుతుంది, నూగైతే నూగులాగే ఉంటుంది. పిండినల్లి అని తేలితే ఈ మొక్కను మిగతావాటికి దూరంగా పెట్టి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన సన్నని కుంచెతో ఒక్కో ముద్దనూ తడిపి తీసేయండి. ఆరేదాకా ఎండలో పెట్టవద్దు. గుడ్ల నుంచి కొత్తవి వస్తాయి కాబట్టి వారానికొకసారి చొప్పున నెల రోజులు ఈ పని చేయాలి, ఒక్కసారితో పోయిందనుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. కుండీ మార్చేటప్పుడు వేళ్ల మధ్య, కుండీ లోపలి గోడకు తెల్లని పొడి అంటుకుని ఉందేమో చూడండి. వేరుకు పట్టే పిండినల్లి బయటికి కనిపించదు, మొక్క కారణం లేకుండా పెరగడం మానేయడమే దాని గుర్తు. అది ఉంటే పాత మన్నంతా కడిగేసి, వేళ్లను రెండు మూడు రోజులు నీడన ఆరబెట్టి, కొత్త మన్నులో, శుభ్రమైన కుండీలో నాటండి.

సన్నబడిన పైభాగం మళ్లీ లావెక్కదు. ఎండలోకి మారాక అక్కడి నుంచి పెరిగే భాగం వెడల్పుగా వస్తుంది గనుక నడుమ నొక్కుపడినట్టు మెడ మిగిలిపోతుంది. అది మీకు అభ్యంతరం కాకపోతే అలాగే ఉంచండి, పూతకు అడ్డం కాదు. చూడడానికి బాగాలేదనుకుంటే పెరిగే కాలంలో సన్నని భాగాన్ని కోసి, కోత అంచులను కొంచెం ఏటవాలుగా చెక్కి, ఎందుకంటే ఆరేటప్పుడు నడిమి భాగం లోపలికి కుంగుతుంది, నీడన రెండు వారాలు ఆరబెట్టి, పెచ్చు కట్టాక పొడి మన్ను మీద కూర్చోబెడితే కొన్ని వారాల్లో వేరు వేస్తుంది. కింద మిగిలిన మొద్దు తరచుగా పిలకలు వేస్తుంది కాబట్టి పారేయవద్దు. నాకు మాత్రం ఆరోగ్యంగా ఉన్న మొక్కను అందం కోసం కోయడం ఇష్టం ఉండదు.

ఎరువు చివరి సంగతి. పెరిగే కాలంలో నెలకొకసారి, నత్రజని తక్కువగా, పొటాష్ ఎక్కువగా ఉన్న ద్రవ ఎరువును డబ్బా మీద చెప్పిన మోతాదులో సగానికి పలుచన చేసి, తడి మన్నులో పోస్తే చాలు. టమాటా మొక్కల కోసం అమ్మేది సరిపోతుంది. యూరియా, పచ్చి పెంట ఎరువు వద్దు, వాటితో ఒళ్లు ఉబ్బి మెత్తబడి కుళ్లుకు లొంగుతుంది. కుండీ మార్చిన ఏడాది, విశ్రాంతి నెలల్లో ఎరువే అక్కరలేదు. వెలుతురు లేని చోట ఎరువు వేస్తే సాగిన మెడ ఇంకా సాగుతుంది.

మొగ్గలు కనిపించాక కుండీని అటూ ఇటూ తిప్పవద్దు, ఒక చోటి నుంచి మరో చోటికి మార్చవద్దు. ఆ దశలో వెలుతురు, వేడి హఠాత్తుగా మారితే మొగ్గలు ఎండి రాలిపోతాయి. పూలు చిన్నవే, అడ్డంగా ఒకటి రెండు సెంటీమీటర్లు. ఎండ రాగానే విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటూ కొన్ని రోజులు ఉంటాయి, మబ్బు రోజుల్లో సరిగా విప్పుకోవు. అన్నీ ఒకేసారి పూయక విడతలు విడతలుగా రావడంతో వలయం కొన్ని వారాల పాటు ఉన్నట్టు కనిపిస్తుంది. వాడిన పూలను లాగకండి, కొన్ని జాతుల్లో నెలల తర్వాత అదే సందులోంచి ఎర్రని సన్నని కాయలు బయటికి వస్తాయి. అయితే చాలా జాతులకు అదే జాతికి చెందిన మరో మొక్క పుప్పొడి కావాలి కనుక, ఒంటరి మొక్కకు కాయ రాకపోతే అది లోపం కాదు.

ఇక మీ రెండో మొక్క. ఎనిమిది నెలలు వాడని కాక్టస్ పువ్వు లేదు. మీరు వర్ణించిన దాన్నిబట్టి అది ఎండబెట్టిన స్ట్రాఫ్లవర్, ఆస్ట్రేలియాకు చెందిన వేరే మొక్క పువ్వు, వేడి జిగురుతో కాక్టస్ నెత్తికి అంటించినది. దాని రేకుల్లా కనిపించే గట్టి పొరలు గాలిలో తేమ పెరిగితే ముడుచుకుని, పొడిబారితే విచ్చుకుంటాయి. పువ్వు చచ్చిపోయాక కూడా ఆ కదలిక ఆగదు గనుకనే మీరు బతికున్న పువ్వే అనుకున్నారు, అలా అనుకోవడంలో వింత ఏమీ లేదు. అమ్మకాల కోసం చేసే ఈ పని నాకు ఎంతమాత్రం నచ్చదు, ఎందుకంటే ఆ జిగురు కూర్చున్నది సరిగ్గా మొక్క పెరగవలసిన చోట. పువ్వును పట్టుకుని ఒక్కసారిగా లాగితే కింది కండ కూడా ఊడి రావచ్చు. కనుక ముందు పువ్వును జిగురు పైన కత్తెరతో కత్తిరించి, తర్వాత జిగురు ముద్ద అంచును పట్టకారుతో మెల్లగా ఎత్తి చూడండి. వదులుగా ఉంటే వచ్చేస్తుంది, గట్టిగా పట్టుకుని ఉంటే వదిలేయండి, మొక్క పెరిగేకొద్దీ దాన్ని అదే పక్కకు నెట్టుకుంటుంది. కుండీలో పైన గులకరాళ్లు కూడా జిగురుతో పలకలా అతికించి ఉన్నాయేమో వేలితో కదిపి చూడండి, ఉంటే పగలగొట్టి తీయాలి, లేకపోతే నీరు లోపలికి దిగదు, మన్ను ఆరిందో లేదో తెలియదు. జిగురు ఊడిన చోట గాయమైతే రెండు వారాలు నీళ్లు పోయకుండా, నేరుగా ఎండ తగలకుండా ఉంచి, పెచ్చు కట్టాక మొదటి మొక్కకు చెప్పిన పద్ధతిలోనే దీన్నీ క్రమంగా ఎండలోకి తీసుకురండి.